ఉప్పునీటి అక్వేరియంలో సీసా బాక్టీరియా: ఎలా దాచాలి, ఎంత పోయాలి

కొత్తగా నింపిన ఉప్పునీటి తొట్టెలో చేపలను వదలడానికి ముందు సీసాలో దొరికే బాక్టీరియాను పోయడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ సీసాలో ప్రాణమున్న జీవులున్నాయన్న సంగతి మరిచిపోవడం వల్లే చాలామంది డబ్బును, కొన్నిసార్లు చేపలను కూడా పోగొట్టుకుంటున్నారు.

కొనేటప్పుడే లేబుల్ చదవాలి. మనకు ముఖ్యంగా కావలసినవి చేపలకు విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే నైట్రోసోమోనాస్ వంటివి, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే నైట్రోస్పైరా వంటివి. ఇవి స్పోర్లు ఏర్పరచుకోవు. విత్తనంలా ఏళ్ల తరబడి నిద్రాణంగా పడి ఉండి, నీరు తగలగానే మేలుకొనే శక్తి వీటికి లేదు. బాసిల్లస్ జాతికి ఆ శక్తి ఉంది కానీ, అది మిగిలిపోయిన మేతను, విసర్జనలను విచ్ఛిన్నం చేసే బాక్టీరియా. ఆ పనిలో అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. కాబట్టి లేబుల్ మీద బాసిల్లస్ పేరొక్కటే ఉంటే ఆ సీసా తొట్టెను శుభ్రంగా ఉంచడానికి పనికిరావచ్చు గాని, కొత్త తొట్టెను చేపలకు సిద్ధం చేయడానికి దాన్ని నమ్ముకోకూడదు. అలాగే ఉప్పునీటికని తయారుచేసిన రకాన్నే తీసుకోవాలి.

నిలవ విషయంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం గడ్డకట్టడం. మంచు స్ఫటికాలు కణాల పొరలను చీల్చేస్తాయి, ఆ తరవాత ఎంత నెమ్మదిగా కరిగించినా ప్రయోజనం ఉండదు. ఒకసారి నేను సీసాను ఫ్రిజ్ పై అరలో వెనుక గోడకు ఆనించి పెట్టాను. మూడు వారాల తరవాత తీస్తే గోడ వైపున సీసా లోపల వేలెడంత మందాన మంచు పలక కట్టి ఉంది. కరిగాక రంగులోనూ వాసనలోనూ ఏ తేడా లేదు. అందుకే పారేయడానికి మనసొప్పక చెప్పిన మోతాదుకు రెట్టింపు పోశాను. అయిదు రోజులు గడిచినా అమ్మోనియా అంకె కదలలేదు. అప్పటినుంచి సీసాను ఫ్రిజ్ తలుపు అరలోనే నిలబెడుతున్నాను. ఫ్రిజ్ అవసరం లేదని లేబుల్ చెబితే చీకటిగా, చల్లగా ఉండే అల్మరా చాలు. ఎండలో ఆపిన కారులోగాని, దీపాల వేడి తగిలే అక్వేరియం కేబినెట్‌లోగాని దాన్ని ఉంచకూడదు. గడువు తేదీ కూడా సీసా మొదటినుంచీ సరైన చోట ఉన్నప్పుడే వర్తిస్తుంది, దుకాణానికి చేరేలోపు అది ఎంత వేడిని చూసిందో ఆ తేదీ చెప్పదు.

మూత తీయగానే కుళ్ళిన గుడ్ల వాసన వస్తే భయపడి వెంటనే పారబోయనక్కరలేదు, అలాగని కళ్ళు మూసుకొని తొట్టెలో పోయనూ కూడదు. బకెట్‌లో పరీక్షిస్తే విషయం తేలిపోతుంది. పది లీటర్ల చొప్పున ఉప్పునీటిని రెండు శుభ్రమైన బకెట్లలో తీసుకొని, 26 డిగ్రీల దగ్గర ఉంచి, రెండింటిలోనూ ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి), ఒక స్పాంజి ముక్క వేయాలి. ఆరు గ్రాముల స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్‌ను లీటరు నీటిలో కరిగించి ఉంచుకుంటే, ఆ ద్రావణం లీటరు ఉప్పునీటికి ఒక మిల్లీలీటరు చొప్పున కలిపినప్పుడు అమ్మోనియా సుమారు 2 పీపీఎంకు (అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములకు) చేరుతుంది; అంటే ఒక్కో బకెట్‌కు పది మిల్లీలీటర్లు. బాక్టీరియాను ఒక బకెట్‌లోనే పోసి, రోజూ ఒకే వేళకు రెండింటినీ టెస్ట్ కిట్‌తో చూడాలి. బాక్టీరియా పోసిన దాంట్లో అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ కనిపించి, రెండోది ఉన్నచోటే ఉంటే సీసా బతికి ఉన్నట్టే. వారం దాటినా రెండు బకెట్లూ ఒకే రంగు చూపిస్తుంటే ఆ సీసాతో పని లేదు.

మోతాదు లెక్కకు తొట్టె పెట్టె మీద రాసిన అంకె కాక, అసలు నీటి పరిమాణం కావాలి. 90 × 45 × 45 సెంటీమీటర్ల తొట్టె కొలతల ప్రకారం 182 లీటర్లు. నీటిమట్టం 40 సెంటీమీటర్ల దగ్గర ఆగితే 162. అందులోంచి రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటు తీసేసి, సంప్‌లోని (ఫిల్టర్ పరికరాలుండే అదనపు తొట్టెలోని) నీటిని కలుపుకోవాలి. తేడా వస్తే కాస్త ఎక్కువ వైపే ఉండడం మేలు. అయితే ఎక్కువ పోసినప్పుడు ఆక్సిజన్ మీద కన్నేసి ఉంచాలి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికే సుమారు 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది.

పోసే రోజున నీటిలో క్లోరిన్ గాని క్లోరమైన్ గాని ఉండకూడదు, ఉప్పు పూర్తిగా కరిగి సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉండాలి. నీటిలోని సూక్ష్మజీవులను చంపే యూవీ స్టెరిలైజర్‌ను, ఓజోన్‌ను ఆపేయాలి, నీటిని వడకట్టే గుడ్డ సంచి (ఫిల్టర్ సాక్) తీసేయాలి, బుడగలతో మలినాలను నురగగా తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్‌ను లేబుల్ చెప్పినన్ని రోజులు, ఏమీ చెప్పకపోతే కనీసం రెండు రోజులు నిలిపివేయాలి. స్కిమ్మర్ ఆగితే నీటికి గాలి అందడం తగ్గుతుంది కనుక ఎయిర్ స్టోన్ తప్పకుండా నడవాలి. ఈ బాక్టీరియాకు తీవ్రమైన వెలుతురు పడదు, మొదటి రోజు దీపాలు ఆర్పి ఉంచడం మంచిది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను గంటసేపు బయట ఉంచి, అడుగున చేరిన మడ్డి పూర్తిగా కలిసేలా గట్టిగా ఊపి, రాళ్ల మీదుగా ప్రవాహం బలంగా ఉన్న చోట పోయాలి. నీరు కొన్ని గంటలు పాలవిరుగుడులా కనిపించినా కంగారు పడనక్కరలేదు.

ఆ తరవాతి రోజుల్లో బాక్టీరియాకు ఆహారంగా తొట్టెలో వేసే అమ్మోనియాను 5 పీపీఎం దాటనివ్వకూడదు. రాగి మందులు, యాంటీబయాటిక్‌లు తొట్టె దరిదాపుల్లోకి రానివ్వకూడదు. ఇంకో సంగతి: నీటిలో నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ కిట్ చూపే అంకెను నమ్మకూడదు. చాలా కిట్లు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలుస్తాయి, దాంతో ఉన్నదానికంటే ఎంతో ఎక్కువ చూపిస్తాయి. 2 పీపీఎం అమ్మోనియా వేసిన తరవాత ఒక్క రోజులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగితేనే మొదటి చేపను వదలాలి.

సీసాలో సగం మిగిలితే, కొలిచే మూతలో అంటుకున్న తడిని తిరిగి లోపలికి వంచకుండా, మూత బిగించి, తెరిచిన తేదీని సీసా మీద రాసి తలుపు అరలోకి చేర్చండి. నెలల తరవాత మళ్లీ అవసరమైతే ముందు బకెట్ పరీక్ష చేయండి.