మీ ఊరికి కొత్త బేస్‌బాల్ టీమ్ వస్తోందా? మొదటి సీజన్‌ని వదులుకోకండి

అమెరికాలో మీరుండే ఊరికి మైనర్ లీగ్ బేస్‌బాల్ టీమ్ వస్తోందని వినగానే మనవాళ్ళలో చాలామంది "మనకు క్రికెట్ తప్ప ఏం తెలుసు, మనకెందుకులే" అని వదిలేస్తారు. దయచేసి వదిలేయకండి. నేను అలబామాలో హంట్స్‌విల్ పక్కనున్న మాడిసన్‌లో ఉంటాను. మా ఊళ్ళో రాకెట్ సిటీ ట్రాష్ పాండాస్ అనే టీమ్ 2021లో ఆడడం మొదలుపెట్టింది, నేనూ అలాగే అనుకుని మొదటి రెండు నెలలు గడప దాటలేదు, ఆ రెండు నెలలు పోయాయన్న బాధ ఇప్పటికీ ఉంది. మీకు అలా కాకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా, వస్తున్న టీమ్ ఏ మెట్టు మీద ఉందో కనుక్కోండి. ఇక్కడి బేస్‌బాల్‌లో అన్నిటికంటే పైనున్న మేజర్ లీగ్‌లో 30 క్లబ్బులు ఉన్నాయి. ఒక్కో క్లబ్బుకి కింద నాలుగు మెట్లలో ఒక్కో టీమ్ ఉంటుంది, పైనుంచి చెబితే ట్రిపుల్-ఎ, డబుల్-ఎ, హై-ఎ, సింగిల్-ఎ. మొత్తం 120 టీమ్‌లు. 2021కి ముందు 160 ఉండేవి, మేజర్ లీగ్ ఈ వ్యవస్థను తన చేతుల్లోకి తీసుకుని నలభైకి పైగా ఊళ్ళ టీమ్‌లకు ఆ అనుబంధం లేకుండా చేసింది. ఇప్పుడు సంఖ్య ఖరారైపోయింది కాబట్టి మీ ఊరికి "కొత్త" టీమ్ వచ్చిందంటే దాదాపు ప్రతిసారీ అది ఇంకో ఊరి నుంచి లేచి వచ్చిందే. మా టీమ్ ఇదే రాష్ట్రంలోని మొబైల్ నుంచి వచ్చింది, అక్కడ దాని పేరు బేబేర్స్, అది ఆడిన స్టేడియానికి 755 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టిన హ్యాంక్ ఆరన్ పేరు, ఆయన పుట్టిందీ ఆ ఊళ్ళోనే. 2019తో అక్కడ ఆట ఆగిపోయింది. 2025లో జార్జియాలోని కొలంబస్‌కి వచ్చిన క్లింగ్‌స్టోన్స్ మిసిసిపీలోని పెర్ల్ నుంచి, సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌కి వచ్చిన హబ్ సిటీ స్పార్టన్‌బర్గర్స్ నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్ నుంచి వచ్చాయి. ఇది తెలుసుకోమని ఎందుకంటున్నానంటే, మనకు వచ్చింది ఇంకొకరికి పోయింది, అలాగే రేపు మన నుంచీ పోవచ్చు. హంట్స్‌విల్‌కి 1985 నుంచి స్టార్స్ అనే టీమ్ ఉండేది, 2014 తర్వాత అది మిసిసిపీలోని బిలాక్సీకి వెళ్ళిపోయింది. మా పక్కింటి పెద్దాయన ఆ స్టార్స్ టోపీ ఇప్పటికీ పెట్టుకుంటాడు.

ఎందుకు పోతాయంటే ఎక్కువగా స్టేడియం వల్లే. లైట్లు, ఆటగాళ్ళ గదులు, మహిళా సిబ్బందికి విడిగా సౌకర్యాలు ఇలా ప్రతిదానికీ మేజర్ లీగ్ కొలతలు పెట్టింది, పాత స్టేడియాన్ని బాగుచేయలేని ఊరు టీమ్‌ని నిలబెట్టుకోలేదు. కొత్త స్టేడియం కట్టేది చాలాచోట్ల సిటీయే, అంటే అప్పు తెచ్చి కడుతుంది, హోటల్ పన్ను మీదో అమ్మకం పన్ను మీదో తీరుస్తుంది. అందుకే టీమ్ వస్తోందన్న వార్త రాగానే సిటీ కౌన్సిల్ మీటింగ్ ఎప్పుడో చూసుకుని ఒక్కసారైనా వెళ్ళండి. అద్దె ఎంత, ఎన్నేళ్ళ ఒప్పందం, రిపేర్లు ఎవరి ఖర్చు, టీమ్ మధ్యలో వెళ్ళిపోతే ఏంటి, ఈ నాలుగూ అడిగితే చాలు. మాట్లాడ్డానికి పౌరసత్వం అక్కర్లేదు, ఆ ఊళ్ళో ఉంటే చాలు. మన డబ్బుతో కట్టేదాని గురించి మనం అడగడంలో మొహమాటపడాల్సిందేం లేదు.

పేరు పెట్టే పోటీ పెడితే తప్పకుండా పాల్గొనండి, పిల్లల చేత పంపించండి. మా ఊళ్ళో 2018లో పెట్టారు. పక్కనే హంట్స్‌విల్‌లో నాసా మార్షల్ సెంటర్ ఉంది, చంద్రుడి మీదికి మనుషుల్ని మోసుకెళ్ళిన సాటర్న్ 5 రాకెట్ ఇక్కడివాళ్ళు తయారుచేసిందే, అందుకే హంట్స్‌విల్‌కి రాకెట్ సిటీ అని పేరు. తుది జాబితాలో మూన్ పోసమ్స్ ఉంది, పఫీ హెడ్ బర్డ్ లెగ్స్ కూడా ఉంది. ఆ రెండోది, అంతరిక్షంలో ఒంట్లో నీరు పైకి చేరి మొహం ఉబ్బి కాళ్ళు సన్నబడ్డం గురించి వ్యోమగాములు అనుకునే మాట. చివరికి ట్రాష్ పాండాస్ గెలిచింది, అంటే చెత్తడబ్బా మూత ఎంత గట్టిగా పెట్టినా తీసేసే రకూన్ జంతువు, ఇంజినీర్ల ఊరికి అంతకంటే నప్పే జంతువు లేదని జనం అనుకున్నారు. మొదట్లో నాకు పేరు నచ్చలేదు. ఇప్పుడు మా పాప స్కూల్ బ్యాగ్ మీద ఆ బొమ్మే ఉంది.

టికెట్ల సంగతి. మొదటి ఆట, అంటే ఓపెనింగ్ నైట్, దొరకడం కష్టం. దానికోసం టెన్షన్ పడకండి. మాలాంటి డబుల్-ఎ టీమ్ ఏడాదికి 138 ఆటలు ఆడుతుంది, అందులో సగం, 69, మీ ఊళ్ళోనే. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య వరకు ఉంటాయి. ఒక ఊరి టీమ్ వస్తే మంగళవారం నుంచి ఆదివారం వరకు వరసగా ఆరు ఆటలు అదే టీమ్‌తో, సోమవారం సెలవు. సీజన్ టికెట్ మొత్తం కొనాల్సిన పనిలేదు, కొన్ని ఆటలకు కలిపి ఇచ్చే చిన్న ప్యాకేజీలు చాలా టీమ్‌లు అమ్ముతాయి, ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి పంచుకుంటే ఇంకా నయం. కొనేది మాత్రం టీమ్ సొంత సైట్‌లోనో స్టేడియం కిటికీ దగ్గరో కొనండి. నేను మొదటిసారి మళ్ళీ అమ్మే ఒక సైట్‌లో కొని దాదాపు రెట్టింపు కట్టాను, తీరా వెళ్తే కిటికీ దగ్గర సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

ఏ రోజు వెళ్ళాలంటే, పిల్లలుంటే ఆదివారం చూడండి, ఆట అయ్యాక పిల్లల్ని మైదానంలోకి దింపి బేస్‌ల (బ్యాటర్ పరుగు కోసం చుట్టివచ్చే గుర్తుల) చుట్టూ పరిగెత్తనిచ్చే ఆనవాయితీ చాలా స్టేడియాల్లో ఉంది. బాణసంచా కావాలంటే వారాంతపు రాత్రులు. ఆట మీద ధ్యాస ఉంటే మంగళ, బుధవారాలు, జనం తక్కువ, పిచర్ చేతిలోంచి బంతి వెళ్ళి క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు కూడా వినిపిస్తుంది. నాకు మంగళవారాలే ఇష్టం.

సీటు ఎంచుకునేటప్పుడు ఎండ చూసుకోండి. చాలా మైదానాలు బ్యాటర్ కంట్లో సాయంకాలపు ఎండ పడకుండా కడతారు కాబట్టి హోమ్ ప్లేట్ (బ్యాటర్ ఆడే చోటు) వెనక, థర్డ్ బేస్ వైపు నీడ ముందు వస్తుంది. జులైలో అలబామా ఎండకి, ఉక్కకి మన విజయవాడ గుర్తొస్తుంది, ఫస్ట్ బేస్ వైపు ఏడున్నర దాకా మొహం మీద కొడుతూనే ఉంటుంది. చంటిపిల్లలుంటే వల ఉన్నచోటే కూర్చోండి, ఫౌల్ బంతి వచ్చిందంటే తప్పుకునేంత టైమ్ ఉండదు. అవుట్‌ఫీల్డ్ వెనక గడ్డి గట్టు ఉంటే అది చవక, దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు. శాకాహారులకి పాప్‌కార్న్, వేరుశనగలు, ఫ్రైస్, ప్రెట్జెల్ తప్ప పెద్దగా ఉండవు, కాబట్టి ఇంట్లో తిని వెళ్ళండి. బయటి తిండి, బ్యాగుల రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, బయల్దేరేముందే టీమ్ సైట్‌లో చూసుకోండి.

ఇక ఆట. అంతా నేర్చుకున్నాకే వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ వెళ్ళరు. మా నాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు కారులో స్టేడియానికి వెళ్ళే పావుగంటలో చెప్పింది ఇంతే. పిచర్ మన బౌలర్ లాంటివాడే, కాకపోతే బంతి నేలకు తగలకుండా నేరుగా వేస్తాడు. ప్లేట్ వెడల్పు, మోకాళ్ళ నుంచి ఛాతీ దాకా ఎత్తు, అది స్ట్రైక్ జోన్. అందులోకి వచ్చిన బంతిని వదిలేసినా, ఎక్కడికొచ్చినా ఊపి తప్పినా స్ట్రైక్, మూడైతే అవుట్. జోన్ బయట వేసిన నాలుగు బంతుల్ని వదిలేస్తే ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు. ముగ్గురు అవుటైతే అవతలివాళ్ళ బ్యాటింగ్, అలా తొమ్మిది ఇన్నింగ్స్. రెండు గీతల మధ్య ముందుకు కొడితేనే లెక్క, వెనక్కీ పక్కకీ పోతే ఫౌల్, మన లేట్ కట్‌లు, గ్లాన్స్‌లు ఇక్కడ చెల్లవు. ఆ గీతల మధ్యకి బంతి కొట్టారంటే మాత్రం పరిగెత్తి తీరాలి, నిలబడే వీల్లేదు. నాన్నకి మింగుడుపడనిది ఆ చివరి మాటే, "డిఫెన్స్ ఆడుకుని నిలబడకూడదా?" అని మూడు ఇన్నింగ్స్ దాకా అడుగుతూనే ఉన్నారు. ఇంకో తేడా, జనంలోకి వచ్చిన బంతిని వెనక్కి విసరక్కర్లేదు, పట్టుకున్నవాళ్ళదే.

నాలుగో ఇన్నింగ్స్‌లో ముందు వరసలోని ఒకావిడ వెనక్కి తిరిగి నాన్న చేతిలో స్కోర్‌కార్డు, చెక్కిన పెన్సిల్ పెట్టింది. ఆటగాళ్ళున్న చోట్లకు నంబర్లుంటాయి, పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) 6, అలా. షార్ట్‌స్టాప్ తీసి సెకండ్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్‌కి విసిరి ఇద్దర్ని అవుట్ చేస్తే 6-4-3 అని రాస్తారు. మూడు స్ట్రైకులకి కె అని ఇంగ్లీషు అక్షరం, ఆఖరి బంతిని చూస్తూ వదిలేసి అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తారు. రేడియోలో కామెంటరీ వింటూ నోటు పుస్తకంలో స్కోర్ రాసుకున్న తరం మా నాన్నది, పది నిమిషాల్లో పట్టేశారు, ఆ తర్వాత తల ఎత్తలేదు. మీరూ కార్డు రాయండి. ఆట నెమ్మదిగా ఉందనే ఫిర్యాదు పోతుంది, ఎందుకంటే రాయడానికి ప్రతి బంతికీ ఏదో ఒకటి ఉంటుంది. పైగా పిచ్ క్లాక్, అంటే పిచర్ ఇంత టైమ్‌లో బంతి వేయాలని చెప్పే గడియారం, వచ్చాక ఆట రెండున్నర గంటల్లో అయిపోతోంది. ఆ గడియారాన్ని ముందు ఈ చిన్న లీగ్‌ల్లోనే వాడి చూసి, తర్వాత 2023లో మేజర్ లీగ్‌కి తీసుకెళ్ళారు.

అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. ఐపీఎల్‌లా మన టీమ్ గెలిచిందా ఓడిందా అని మాత్రమే చూస్తే ఇక్కడ నిరాశే, ఎందుకంటే ఇక్కడ బాగా ఆడినవాణ్ణి వెంటనే పైమెట్టుకి తీసుకెళ్ళిపోతారు. టీమ్ నాయకుణ్ణి ఆగస్టులో మన నుంచి లాగేసుకుంటే కోపం వస్తుంది, కానీ ఈ లీగ్ ఉన్నది దానికే. కాబట్టి టీమ్‌తో పాటు ఒక కుర్రాణ్ణి ఎంచుకోండి, పేరు రాసుకోండి, వాణ్ణి వెంబడించండి. 2021లో మా దగ్గర బంతులేసిన రీడ్ డెట్మర్స్ 2022 మే 10న మా టీమ్ పైనున్న ఏంజెల్స్ క్లబ్బు తరఫున మేజర్ లీగ్‌లో నో-హిట్టర్ వేశాడు, అంటే అవతలి టీమ్‌కి ఆట మొత్తంలో ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వలేదు. నోలన్ షానుయెల్‌ని 2023 జులైలో డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట) తీసుకున్నారు, మధ్యలో మా ఊళ్ళో ఆడాడు, ఆగస్టు 18కి మేజర్ లీగ్‌లో ఉన్నాడు. డబుల్-ఎలో కనీస జీతం 2023 ఒప్పందం మొదలైనప్పుడు ఏడాదికి 30,250 డాలర్లు, బస్సుల్లో ఊరూరా తిరుగుతారు. ఆట ముందు కంచె దగ్గర పిల్లలకి ఓపిగ్గా సంతకాలు పెట్టేది వీళ్ళే. గంట ముందు వెళ్ళి నిలబడండి, దొరుకుతుంది.

ఓటమి కూడా గుర్తుండిపోయేలా ఉంటుంది. 2023 ఏప్రిల్ 8న మా వాళ్ళు చాటనూగా లుకౌట్స్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, అయినా 7-5తో ఓడిపోయారు. ఒకే రోజు రెండు ఆటలుంటే ఒక్కోటి ఏడు ఇన్నింగ్సే, ఆ ఏడోదాంట్లో వరసగా బంతులు జోన్ బయట వేసి, బ్యాటర్ల ఒంటికి తగిలించి, ఒక పొరపాటు చేసి, హిట్ లేకుండానే ఏడు పరుగులు ఇచ్చేశారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏడో ఇన్నింగ్స్ అయ్యేదాకా ఎవరూ గెలిచామనరు.

మన పిల్లలకి ఇంకో పేరు కూడా చెప్పండి, అర్జున్ నిమ్మల. ఇంటిపేరు చూడగానే తెలుగువాళ్ళకి తెలిసిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకి పుట్టిన ఫ్లోరిడా కుర్రాడు, షార్ట్‌స్టాప్, 2023 డ్రాఫ్ట్‌లో 17 ఏళ్ళకే టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండ్‌లో, 20వ స్థానంలో తీసుకున్నారు. 2024లో సింగిల్-ఎ డనీడిన్‌లో, 2025లో హై-ఎ వాంకూవర్‌లో ఆడాడు. వాంకూవర్ ఉన్న లీగ్‌లోనే ఆరెగాన్‌లోని హిల్స్‌బరో కూడా ఉంది, ఇంటెల్ వల్ల మనవాళ్ళు బోలెడంతమంది ఉండే ఊరు.

వెళ్ళడం కుదరని రోజుల్లో టీమ్ సైట్‌లో రేడియో ప్రసారం ఉచితంగా వినొచ్చు. మా దగ్గర సాయంత్రం 6:35కి ఆట మొదలైతే తెనాలిలో తెల్లవారుజామున 5:05. నాన్న తిరిగి వెళ్ళేటప్పుడు ఖాళీ స్కోర్‌కార్డులు ఓ పాతిక జిరాక్స్ తీయించుకుని తీసుకెళ్ళారు. కాఫీ పెట్టుకుని, ఫోన్ కిటికీలో పెట్టుకుని వింటూ రాస్తారు, ఎనిమిదింటికి ఆ పేజీ ఫోటో మాకు వాట్సాప్‌లో వస్తుంది.