పెద్ద ఊలు జాకెట్ అల్లడం ఎలా? నమూనా ముక్క లేనిదే సూది పట్టవద్దు

నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో లేసు అల్లే చేతులకు కొదవ లేదు. ఆ చేతులే ఢిల్లీలోనో అమెరికాలోనో చలికి వణికే పిల్లల కోసం వదులైన ఊలు జాకెట్ మొదలుపెట్టినప్పుడు మాత్రం, నెలల శ్రమ చివరికి ఎవరికీ పట్టని బట్టగా మిగలడం తరచుగా చూస్తున్నాను. కారణం దాదాపు ప్రతిసారీ ఒక్కటే: నమూనా ముక్క, అంటే అసలు జాకెట్‌కు ముందు కొలత చూసుకోవడానికి అదే దారంతో, సూదితో అల్లే చిన్న ముక్క, అల్లకపోవడం.

సామగ్రికి ఎక్కువ ఆలోచన అక్కరలేదు. రెండింటినీ ఒక తీగ కలిపి ఉంచే 5 మిల్లీమీటర్ల మందం వెదురు సూదులు, టేపు, మొద్దుమొన కుట్టుసూది చాలు. సూది కొనేటప్పుడు నంబరును కాక మిల్లీమీటర్లనే చూడండి. పాత బ్రిటిష్ లెక్కలో 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో అదే 8 నంబరు 5 మిల్లీమీటర్లు.

డిజైను ఎంచుకునేటప్పుడు ఛాతీ కొలతకు ఆరంగుళాలు కలపండి. వీపు, రెండు ముందు భాగాలు, రెండు చేతులు విడివిడిగా అల్లి కుట్టే డిజైనునే తీసుకోవాలి. మెడ నుంచి కిందికి కుట్టు లేకుండా అల్లే పద్ధతిని ఇప్పుడు చాలామంది మెచ్చుకుంటున్నారు కానీ, బరువైన జాకెట్ భుజాల దగ్గర జారకుండా పట్టి ఉంచేది ఆ కుట్టే.

దారం ఊలుదే అయి ఉండాలి. నూలు బరువెక్కి సాగుతుంది, యాక్రిలిక్‌కు ఇస్త్రీ వేడి తగిలితే మళ్లీ కోలుకోదు. మధ్యరకం మందం దారమైతే సుమారు 1,500 మీటర్లు పడుతుంది. అంతా ఒకే లాటు నంబరులో (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఉండే నంబరు), ఒకేసారి కొనండి; తరువాత తెచ్చిన ఉండ రంగు కలవదు.

ఇక నమూనా ముక్క. డిజైనులో 10 సెంటీమీటర్ల వెడల్పుకు 18 కుట్లు (అల్లికలో సూది మీద పడే దారపు ఉచ్చులు) అని ఉందనుకుందాం. 44 అంగుళాల ఛాతీకి ఆరు కలిపితే 50 అంగుళాలు, అంటే 127 సెంటీమీటర్లు. దానికి మొత్తం 229 కుట్లు కావాలి. సన్నని దారంతో లేసు అల్లి అలవాటైన చేయి బిగువుగా లాగుతుంది కనుక, అదే సూదితో 20 కుట్లు పడవచ్చు. అప్పుడు ఆ 229 కుట్లూ 45 అంగుళాలే వస్తాయి. వదులు జాకెట్ కాస్తా ఒంటికి అతుక్కుపోతుంది. చేయి వదులై 16 కుట్లే పడితే 56 అంగుళాలు దాటుతుంది. రెండు కుట్ల తేడా అంత పని చేస్తుంది.

అందుచేత జాకెట్‌కు వాడే సూదితోనే, అదే అల్లికతో 30 కుట్లు ఎక్కించి 15 సెంటీమీటర్ల ఎత్తు అల్లండి. సూది మీద ఉండగా కొలవకండి, ఆ కొలత నమ్మదగినది కాదు. చల్లని నీటిలో కొద్దిగా షాంపూ వేసి పావుగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, పరిచి ఆరబెట్టండి. ముసురు రోజుల్లో మన గాలికి అది పూర్తిగా ఆరడానికి రెండు రోజులైనా పట్టవచ్చు, తొందరపడవద్దు. ఆరిన తరువాత కింది అంచుకు నాలుగు బట్టల క్లిప్పులు తగిలించి ఒక రాత్రి వేలాడదీస్తే, జాకెట్ తన బరువుకు ఎంత సాగుతుందో అప్పుడే తెలుస్తుంది. అంచులు వదిలి, మధ్యలో 10 సెంటీమీటర్ల మేర అరకుట్టుతో సహా లెక్కపెట్టండి. కుట్లు ఎక్కువ పడితే లావు సూది, తక్కువ పడితే సన్న సూది తీసుకుని మరో ముక్క అల్లాలి. చేతి బిగువును బలవంతంగా మార్చుకోవాలని చూస్తే నాలుగు వరుసల్లో పాత అలవాటే తిరిగి వస్తుంది.

లెక్క కుదిరిన తరువాత పని తేలిక. ముందు వీపు అల్లండి, ఒక జానెడు కాగానే మరోసారి కొలవండి. తరువాత ముందు భాగాలు, చేతులు అల్లి, భుజాలు మొదట కలిపి, చేతులు అతికి, పక్కలు కుట్టి, గుండీలు వేయండి.

ఉతికిన జాకెట్‌ను దండెం మీద వేయవద్దు. నులక మంచం మీద తువ్వాలు పరిచి, దానిపై నీడలో ఆరబెట్టండి. తేమ పూర్తిగా పోయాక మడిచి, ఎండిన వేపాకు వేసి పెట్టెలో ఉంచండి, హ్యాంగరుకు తగిలించకండి.