కుక్క జంప్ దగ్గర తడబడుతోందా? కారణం ఎలా కనిపెట్టాలి?

ఎజిలిటీ అంటే కుక్క అడ్డంకులు దాటుతూ పరుగెత్తే ఆట. అందులో దూకాల్సిన అడ్డకర్రని, అంటే బార్‌ని, కుక్క పడగొడితే మనం మొదట అనే మాట "పొగరు". నేనూ అన్నాను. మా చిట్టి, వీధిలోంచి ఇంటికొచ్చిన దేశవాళీ పిల్ల, వారం రోజులుగా బార్‌ని తన్నేస్తుంటే గదమాయించాను కూడా. తర్వాత వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే సిగ్గేసింది. ముందు కాళ్లు చక్కగా దాటుతున్నాయి, ఎడమ వెనక కాలు ఒక్కటే వేలాడుతోంది.

అందుకే ముందు ఫోన్ తీయండి. బార్‌కి పక్కగా, ఇటుకకి ఆనించి పెట్టి స్లో మోషన్‌లో తీయాలి. నిలబడి పైనుంచి తీసింది పనికిరాదు. బార్‌కి అటూ ఇటూ బియ్యప్పిండి పల్చగా చల్లితే, ఎక్కడ లేచిందో ఎక్కడ దిగిందో అచ్చులే చెబుతాయి. సున్నం మాత్రం వద్దు, పాదాలూ కళ్లూ మండుతాయి. మా గుంటూరు నల్లరేగడి మీద అచ్చులు భలే తేటగా పడతాయి. కాసేపాగితే పిండి చీమల పాలనుకోండి.

ఇప్పుడు చూడండి. బార్ ముందు చిన్నచిన్న అడుగులేస్తూ తటపటాయిస్తోందా? మరీ దూరం నుంచే లేచేస్తోందా? అయితే దూరం అంచనా కుదరడం లేదు. అనుభవం చాలకపోవచ్చు, చూపులో లోపమూ ఉండొచ్చు. వెనక కాళ్లకే బార్ తగులుతుంటే, పరుగెత్తేటప్పుడు రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలులా గెంతుతుంటే, నడుము, తుంటి, తొడ కండరాల నొప్పిని అనుమానించాలి. ఒక్క మెలిక ఉంది. కుక్క సరిగ్గా బార్ మీదున్నప్పుడు మీరు పేరుపెట్టి అరిస్తే తల మీవైపు తిప్పుతుంది, వెనక కాళ్లు కిందికి జారతాయి. వీడియోలో మీ గొంతు ఎప్పుడు వినిపించిందో కూడా వినండి.

తర్వాత బార్‌ని బాగా కిందికి దించండి. అక్కడా తటపటాయిస్తే సమస్య ఎత్తుది కాదు. మొదటి నాలుగు జంప్‌లు బాగుండి ఆపైన పడేస్తుంటే అలసట. మన మే నెల ఎండలో అది మామూలే, తెల్లవారుజామునే ఆడించండి. రేగడి పగుళ్లలో కాలు ఇరుక్కోకుండా నేలా చూసుకోవాలి. పచ్చగడ్డి మీద ఎర్ర బార్ పెట్టకండి, కుక్కలకి ఎరుపూ పచ్చా తేడా సరిగా తెలియదు. నీలం, పసుపు టేప్ చుట్టండి.

నొప్పి అనుమానం ఉంటే ఆట ఆపి డాక్టరుకి చూపించాలి. గన్నవరం పశువైద్య కళాశాల మనకి దగ్గరే. వీడియో వెంట తీసుకెళ్లండి, ఆసుపత్రిలో హడావుడికి చాలా కుక్కలు కుంటడం మానేస్తాయి. చిట్టిది తొడ కండరం బెణుకని తేలింది. కొన్ని వారాలు తాడు కట్టి నడకే.

ఎఫ్‌సీఐ (దేశదేశాల కుక్కల సంఘాల సమాఖ్య) అంతర్జాతీయ పోటీల్లో 18 నెలలు నిండనిదే కుక్కని దిగనివ్వరు. పెద్ద కుక్కలకి బార్ 55 నుంచి 60 సెంటీమీటర్లు. ఇంట్లో అంత ఎత్తుతో మొదలుపెట్టే పని లేదు. కోలుకున్నాక కూడా బార్ నేల మీదే పెట్టి, అడుగు తడబడని వారం గడిచాకే కాస్త పెంచండి. తడబడితే మళ్లీ కిందికి.