విశాఖలో విద్యార్థులకు సామానుతో సహా ఫ్లాటు అద్దెకు ఇవ్వడం ఎలా?

ఆంధ్ర విశ్వవిద్యాలయం చుట్టుపక్కల, అంటే మద్దిలపాలెం, చినవాల్తేరు, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీల్లో ఫ్లాటు ఉన్నవారు దానిని సామానుతో సహా విద్యార్థులకు ఇవ్వదలచుకుంటే, ముందుగా అపార్ట్‌మెంటు సంఘాన్ని కలిసి పెళ్లికాని వారికి ఇవ్వడంపై అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తీసుకోవాలి. పిల్లలు సామాను దించుకున్న తర్వాత ఖాళీ చేయమనడం వారి చదువుకే దెబ్బ. ఎంతమంది ఉండవచ్చో కూడా అప్పుడే తేల్చుకోవాలి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు నలుగురు మించకపోవడం మంచిదని నా అభిప్రాయం.

తర్వాత సామాను. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. తక్కువ ధరకు వస్తుందని మేము కొన్న ఇనుప మంచం కాళ్లు రెండు వర్షాకాలాలు గడిచేసరికి పొరలు పొరలుగా ఊడి, నేల మీద ఎంత తుడిచినా పోని ఎర్రటి మరకలు మిగిల్చాయి. పొట్టు అతికించి చేసిన చెక్క పలకలు కూడా చెమ్మకు ఉబ్బిపోతాయి. అందుచేత ఖర్చు కొంత ఎక్కువైనా గట్టి కర్ర మంచాలే వేయించాలి. మనిషికో మంచం, కొబ్బరిపీచు పరుపు, తాళం పడే అర, చదువుకునే బల్ల, వెన్ను ఆనే కుర్చీ ఉండాలి. ప్రతి బల్ల దగ్గర విడిగా దీపం, ప్లగ్ పాయింటు తప్పనిసరి, ఎందుకంటే ఒకరు నిద్రపోతుండగా మరొకరు పరీక్షకు చదువుకోవలసి వస్తుంది. కిటికీలకు దోమల మెష్ బిగించడంతో పాటు గొళ్లేలు గట్టివో కావో చూడాలి; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. వంటకు ఇండక్షన్ స్టవ్, నాలుగు గిన్నెలు, తాగునీటి ఫిల్టరు చాలు.

అద్దె ఒప్పందాన్ని సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. 18 ఏళ్లు నిండని విద్యార్థి చేసే సంతకానికి చట్టం దృష్టిలో విలువ లేదు కాబట్టి, ఆ సందర్భంలో తల్లి లేదా తండ్రి పేరనే ఒప్పందం రాయించాలి. విదేశీ విద్యార్థి దిగితే 24 గంటల లోపు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు కార్యాలయానికి తెలియజేయవలసిన బాధ్యత ఇంటి యజమానిదే. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. చదువు ఖర్చులతో సతమతమయ్యే కుటుంబాల నుంచి అంతకంటే అడగడం న్యాయం కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది సామాను జాబితా. తాళాలు ఇచ్చే రోజున విద్యార్థిని వెంటబెట్టుకుని గదిగదికీ తిరిగి, ప్రతి వస్తువు ఎన్ని, ఏ స్థితిలో ఉన్నాయో రాయాలి. “బల్ల 1” అని ఊరుకోకుండా “బల్ల 1, కుడి అంచున రెండంగుళాల గీత” అని రాసి ఫొటో తీయాలి. కరెంటు మీటరు రీడింగు కూడా అందులో చేర్చి, ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి.

ఖాళీ చేసే రోజున అదే జాబితాతో మళ్లీ తిరగాలి. వాడకం వల్ల సహజంగా వచ్చిన అరుగుదలకు డబ్బు పట్టుకోకూడదు; విరిగిన వస్తువుకు మాత్రం మరమ్మతు రసీదు చూపించి కోత వేసి, మిగిలిన అడ్వాన్సును తాళాలు తీసుకునేటప్పుడే చేతికి ఇవ్వాలి. తర్వాత వచ్చే విద్యార్థికి పాత కాగితం మీద తేదీ దిద్ది ఇవ్వకుండా, జాబితాను మొదటి నుంచి కొత్తగా రాయాలి.