పాత అల్యూమినియం చేపల పడవను బాగుచేసి, అవసరానికి తగినట్టు మలచుకోవడం

అమెరికాలోని మంచినీటి సరస్సుల మీద చేపలవేటకు వాడే చిన్న అల్యూమినియం పడవలు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వ్యాప్తిలోకి వచ్చాయి. విమానాల రేకు పనిలో ఆరితేరిన గ్రమ్మన్ సంస్థ యుద్ధానంతరం కనూలు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలు, చేయడం మొదలుపెట్టింది. మిన్నెసోటాలో ఆల్యూమాక్రాఫ్ట్, క్రెస్ట్‌లైనర్, లుండ్ సంస్థలు 1940లలోనే వెలిశాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో తయారైన పన్నెండు, పద్నాలుగు అడుగుల పడవలు ఇప్పటికీ పెరళ్లలో బోర్లించి కనిపిస్తాయి, కొన్ని వందల డాలర్లకే అమ్మకానికి వస్తుంటాయి. డాలస్ ఉత్తర శివార్లలో స్థిరపడి, లూయిస్‌విల్, రే రాబర్ట్స్, టెక్సోమా సరస్సుల ఒడ్డున గాలం వేసే తెలుగువారిలో ఇలాంటి పడవ ఒకటి కొని బాగుచేసుకోవాలని అనుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. మంచినీటిలో అల్యూమినియం రేకు వయసు వల్ల పాడు కాదు. మనం దానికి తగిలించే వస్తువుల వల్ల పాడవుతుంది. తడిని పట్టి ఉంచే చెక్క, తివాచీ ఒకటి. రాగి, ఇనుము, సీసం వంటి పరాయి లోహాలు రెండోది. తయారీదారు లెక్కలో లేని బరువు మూడోది. కింద చెప్పే ప్రతి నిర్ణయమూ ఈ మూడింటిని దృష్టిలో పెట్టుకుని చేసినదే.

కొనే ముందు

పడవకన్నా ముందు కాగితాలు చూడాలి. 1972 నవంబరు తర్వాత తయారైన పడవలకు వెనక పలక మీద, కుడివైపు పైభాగాన, పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. 1984 ఆగస్టు తర్వాత తయారైన వాటిలో ఆ సంఖ్యలోని చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరాన్ని తెలుపుతాయి. టెక్సస్‌లో పడవకు ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారుకు మరొక టైటిల్ విడివిడిగా ఉంటాయి కాబట్టి, రెండూ అమ్మేవారి పేరు మీదే ఉన్నాయని, సంఖ్యలు సరిపోయాయని చూసుకున్న తర్వాతే డబ్బు చేతికివ్వాలి. లోపలివైపు అతికించిన కెపాసిటీ ప్లేటు ఉంటే దాన్ని ఫొటో తీసుకోండి. ఎంత బరువు మోయగలదో, ఎన్ని హార్స్‌పవర్ల మోటారు తగునో చెప్పే ఆ ప్లేటే తర్వాత మీరు చేసే మార్పులన్నిటికీ హద్దు.

తర్వాత మోటారు బిగించే వెనక పలకను, అంటే ట్రాన్సమ్‌ను, పరీక్షించాలి. మోటారు ఉంటే దాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ బలంగా ఊపండి. రేకు వంగినట్టు కదిలితే లోపలి చెక్క కుళ్లిందని అర్థం. అది బాగుచేయదగిన లోపమే, కానీ ధర తగ్గించమని అడగడానికి న్యాయమైన కారణం. అడుగున సొట్టలు పెద్దగా భయపెట్టేవి కావు. లోపలి అడ్డపట్టీలు పగిలి ఉండటం, బల్లల కింద తెల్లటి పొడి పేరుకుని దాని అడుగున స్క్రూడ్రైవర్ మొన దిగేంత లోతుగా గుంటలు పడి ఉండటం మాత్రం తీవ్రమైన లక్షణాలు. అలాంటి పడవను వదిలేయడం మంచిది.

పడవను ఇంటికి తేవడానికి ముందే మీ కాలనీలోని ఇంటి యజమానుల సంఘం (హెచ్ఓఏ) నిబంధనలు చదవండి. చాలా కాలనీల్లో డ్రైవ్‌వేలో పడవ నిలపడానికి అనుమతి ఉండదు. పద్నాలుగు అడుగుల పడవ ట్రెయిలరుతో కలిపితే గ్యారేజీలో పడుతుందో లేదో టేపుతో కొలుచుకోవాలి.

విప్పడం, నీటి పరీక్ష

ముందుగా తివాచీ, పాత ప్లైవుడ్ నేల, వైర్లు, గొట్టాలు అన్నీ తీసేయాలి. ప్రతి భాగాన్ని తీసేముందు ఫొటో తీసి, పాత పలకలను పారేయకుండా అచ్చులుగా దాచుకుంటే కొత్తవి కోసేటప్పుడు కొలతల బాధ ఉండదు. లోపల పేరుకున్న ఆకులు, మట్టి పూర్తిగా కడిగేయాలి. ఏళ్ల తరబడి తడి మట్టి కింద గాలి తగలకుండా ఉన్న చోటే రేకు తినబడుతుంది.

కారే చోట్లు కనిపెట్టడానికి పడవను నీటిలో దించనక్కరలేదు. ట్రెయిలరు మీదే ఉంచి లోపల నీళ్లు పోసి, బయట ఎక్కడ చెమ్మ కారుతుందో చూస్తే సరిపోతుంది. అయితే నీటి బరువును తక్కువగా అంచనా వేయకూడదు. పద్నాలుగు అడుగుల పడవలో మూడు అంగుళాల మట్టం నీరు సుమారు 700 పౌండ్లు తూగుతుంది. అందువల్ల ముందు వెనక భాగాన్ని కిందికి వంచి కొద్దిగా నీరు పోసి, తర్వాత ముందు భాగాన్ని వంచి, విడతలుగా పరీక్షించడం క్షేమం. రేకులను కలిపి పట్టి ఉంచే లోహపు మేకుల్లో, అంటే రివెట్లలో, కారిన ప్రతిదాని చుట్టూ మైనపు పెన్సిలుతో గీసి ఉంచుకోండి.

రివెట్లు, పగుళ్లు

ఈ పనిలో ఓపిక ఎక్కువగా కావలసింది ఇక్కడే. కారే రివెట్ అంటే సాధారణంగా విరిగినది కాదు, ఏళ్ల అలల తాకిడికి వదులైనది. దాన్ని తీసి కొత్తది వేయడానికి ముందు బిగించి చూడాలి. ఒకరు బయట రివెట్ తల మీద ఎయిర్ హ్యామర్‌తో కొడుతుంటే, మరొకరు లోపల దాని తోక మీద బరువైన ఉక్కు దిమ్మెను గట్టిగా ఆనించి పట్టుకోవాలి. రెండు మూడు క్షణాల దెబ్బ చాలు; అంతకు మించితే చుట్టూ ఉన్న రేకు సాగిపోతుంది. ఇది ఒంటరిగా చేయగలిగే పని కాదు. చెవులకు రక్షణ ఇద్దరికీ తప్పనిసరి.

బిగించినా కారితే దాన్ని డ్రిల్లుతో తీసి కొత్తది వేయాలి. లోపలివైపు చేయి, దిమ్మె చేరే చోట సాలిడ్ రివెట్, చేరని చోట బయటి నుంచే బిగించగలిగే, మూసిన కొస ఉన్న బ్లైండ్ రివెట్ వాడాలి. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే మామూలు పాప్ రివెట్ మధ్యలో బోలుగా ఉండి నీటిని లోపలికి రానిస్తుంది; నీటిమట్టానికి కింద దానికి చోటు లేదు. 3/16 అంగుళాల రివెట్‌కు 11వ నంబరు బిట్ సరైన రంధ్రం చేస్తుంది. రివెట్‌ను 3ఎం 5200 వంటి పాలీయూరిథేన్ సీలెంట్‌లో ముంచి దూర్చాలి. అది పూర్తిగా గట్టిపడటానికి దాదాపు వారం పడుతుంది కాబట్టి మర్నాడే నీటి పరీక్షకు తొందరపడకూడదు.

రేకులో పగులు ఉంటే దాని రెండు కొసల్లోనూ 1/8 అంగుళం రంధ్రం చేయాలి. పగులు ముందుకు పాకకుండా ఆ గుండ్రటి అంచు ఆపుతుంది. తర్వాత 5052 రకం అల్యూమినియం రేకును పగులుకు అన్ని వైపులా కనీసం అంగుళంన్నర దాటేలా కోసి, మూలలు గుండ్రంగా చేసి, మధ్యలో సీలెంట్ పరచి రివెట్లతో బిగించాలి. వెల్డింగ్ చేయిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. పలుచటి పాత రేకు అతుకుల్లో దశాబ్దాల నాటి రంగు, సీలెంట్, నూనె ఇంకి ఉంటాయి. వెల్డింగ్ వేడికి అవి మరిగి అతుకును గుల్లచేస్తాయి, పక్కనున్న రివెట్లు వదులవుతాయి. రివెట్లతో కట్టిన పడవను రివెట్లతోనే బాగుచేయాలన్నది నా స్థిరాభిప్రాయం. అన్నీ బిగించాక కూడా అతుకుల వెంట సన్నటి చెమ్మ మిగిలితే, లోపలివైపు శుభ్రం చేసి గ్లూవిట్ వంటి రెండు భాగాల ఎపాక్సీ పూతను అతుకు పొడవునా పూయవచ్చు. వదులు రివెట్లను అలాగే ఉంచి పైన పూత పూస్తే అది ఒక సీజను కూడా నిలవదు.

ట్రాన్సమ్, బల్లలు, నురుగు

కుళ్లిన ట్రాన్సమ్ చెక్కను తీసి, దాన్నే అచ్చుగా పెట్టి కొత్తది కోయాలి. ముప్పావు అంగుళం మెరైన్ ప్లైవుడ్ పలకలు రెండింటిని ఎపాక్సీతో అతికిస్తే చాలా పడవలకు కావలసిన అంగుళంన్నర మందం వస్తుంది. అంచులకూ, ప్రతి బోల్టు రంధ్రం లోపలి గోడకూ ఎపాక్సీ పట్టించాలి, ఎందుకంటే చెక్కలోకి నీరు చొరబడేది ఎక్కువగా వాటి గుండానే. బయటి వరండాలకు వాడే ప్రెజర్ ట్రీటెడ్ చెక్కను మాత్రం పడవలో ఎక్కడా వాడకూడదు. చెదలు పట్టకుండా దానికి పట్టించిన రాగి లవణాలు తడిలో అల్యూమినియాన్ని వేగంగా తినేస్తాయి. ట్రెయిలరు మీద పడవను మోసే దుంగలకూ ఇదే నియమం వర్తిస్తుంది.

అడ్డబల్లలను తీసేసి లోపలంతా విశాలంగా చేయాలన్న కోరిక సహజం. కానీ ఆ బల్లలు కూర్చోవడానికి మాత్రమే కాదు. రెండు పక్కల రేకులను విడిపోకుండా పట్టి ఉంచేవి అవే, మునగకుండా కాపాడే నురుగును దాచేవీ అవే. మధ్య బల్లను అలాగే ఉంచమని నా సలహా. తప్పనిసరిగా తీయాల్సి వస్తే, దాని స్థానంలో నేల మట్టంలో అల్యూమినియం యాంగిల్ అడ్డంగా వేసి, రెండు పక్కలకూ మూలపలకలతో బిగించాలి.

పాత నురుగు నీరు పీల్చి రాయిలా బరువెక్కి ఉండవచ్చు. ఒక ముక్క కోసి పిండి చూడండి. తడిగా ఉంటే అంతా తీసేసి, దుకాణాల్లో గులాబీ లేదా నీలం రంగులో దొరికే ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ పలకలను కోసి నింపాలి. ఒక ఘనపుటడుగు నురుగు నీటిలో సుమారు 60 పౌండ్లను తేల్చుతుంది. తీసినంత పరిమాణానికి తగ్గకుండా తిరిగి నింపాలి. పెట్రోలు తగిలితే పాలీస్టైరీన్ కరిగిపోతుంది కాబట్టి, ఇంధన ట్యాంకు దగ్గర దాన్ని వాడవద్దు.

ముందు డెక్, నేల

నిలబడి గాలం విసరడానికి ముందు భాగంలో డెక్ కట్టుకోవడమే ఈ పడవల్లో అందరూ కోరుకునే మార్పు. డెక్ ఎత్తు పెరిగేకొద్దీ మనిషి బరువు పైకి జరుగుతుంది, పడవ ఒరుగుతుంది. వెడల్పు తక్కువైన పద్నాలుగు అడుగుల పడవలో డెక్‌ను పాత బల్ల మట్టానికి మించి లేపకూడదు. పక్క అంచుల దాకా తీసుకువెళ్లడం ప్రమాదకరం.

చట్రానికి అంగుళంన్నర అల్యూమినియం యాంగిల్ సరిపోతుంది. పైన వేసే పలక విషయంలో అల్యూమినియం తేలిక, చెక్క బరువు అనే నమ్మకం పూర్తిగా నిజం కాదు. 4 అడుగులు, 8 అడుగుల కొలతగల 1/8 అంగుళం అల్యూమినియం రేకు సుమారు 56 పౌండ్లు ఉంటుంది. అదే కొలతలో అర అంగుళం ప్లైవుడ్ దాదాపు 45 పౌండ్లు. ప్లైవుడ్ నీరు పీల్చితే ఆ లెక్క తారుమారవుతుంది. ప్లైవుడ్ వాడేవారు ఆరు ముఖాలకూ ఎపాక్సీ పూసి, దాని మీద తివాచీ కాకుండా ఇవిఎ నురుగు చాప గానీ, గరుకు రబ్బరు పూత గానీ వేస్తే మంచిది. నేల పలకను పడవ అడుగుకు నేరుగా ఆనించకూడదు. దాని కింద నీరు వెనక్కి పారడానికి దారి ఉండాలి, ఏటా ఒకసారి విప్పి కడగడానికి వీలుండాలి.

పని ముగిసేలోగా ఒకసారి బరువుల లెక్క వేయండి. డెక్, నేల, మోటారు, ఇంధనం, బ్యాటరీలు, మనుషులు, సామాను అన్నీ కలిపి కెపాసిటీ ప్లేటు మీది అంకె దాటకూడదు. సీసపు బ్యాటరీ ఒక్కోటి 50 నుంచి 60 పౌండ్లు ఉంటుంది. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు అందులో సగం. ఖర్చు ఎక్కువైనా చిన్న పడవలో ఈ తేడా విలువైనది.

స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడక తప్పదు, కానీ వాటికీ రేకుకూ మధ్య నైలాన్ వాషరు, బోల్టు మరల మీద టెఫ్ జెల్ వంటి లేపనం ఉండాలి. పని ముగిశాక అడుగంతా ఊడ్చి, వాక్యూమ్ చేయండి. కత్తిరించిన రాగి తీగ ముక్క గానీ, సీసపు గుండు గానీ తడిలో పడి ఉన్నచోట రేకుకు గుంట పడుతుంది.

రంగు

అమెరికాలో గృహ వినియోగ రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందటి పడవ అయితే పొడిగా గీకే ముందు సీసం పరీక్ష చేసి తీరాలి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే. రంగు తీయడానికి ఇనుప బ్రష్షు వాడకూడదు. దాని కణాలు రేకులో ఇరుక్కుని తర్వాత తుప్పు మచ్చలై బయటపడతాయి. నైలాన్ చక్రం, ఉప్పుకాగితం చాలు. మిథిలిన్ క్లోరైడ్ ఉన్న రంగు తొలగించే ద్రావణాలను ఇళ్లలో వాడకానికి అమ్మడాన్ని 2019లో ఆపేశారు. ఎవరి షెడ్డులోనైనా పాత డబ్బా మిగిలి ఉన్నా మూసిన గ్యారేజీలో దాన్ని తెరవవద్దు.

శుభ్రం చేసిన అల్యూమినియం మీద గాలి తగిలిన వెంటనే ఆక్సైడ్ పొర ఏర్పడటం మొదలవుతుంది. అందువల్ల రుద్దిన రోజే రేకును కొద్దిగా కొరికి పట్టుకునే తొలి పూత, అంటే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమరు, వేయాలి. ప్రైమరు, పై రంగు ఒకే సంస్థవి తీసుకుని, డబ్బా మీద రాసిన వ్యవధులు పాటించండి. లోపలివైపు లేత బూడిద రంగు వేస్తే టెక్సస్ జూలై ఎండకు అరికాళ్లు కాలవు.

వైరింగ్

అల్యూమినియం పడవలో రేకును ఎన్నడూ కరెంటు తిరుగుదారిగా వాడకూడదు. ప్రతి దీపానికీ, పంపుకూ రెండు వైర్లు బ్యాటరీ వైపు వెళ్లాలి. తగరపు పూత ఉన్న రాగి తీగ వాడి, ప్లస్ వైపు బ్యాటరీకి ఏడు అంగుళాల లోపే ఫ్యూజు పెట్టాలి. బ్యాటరీతో నడిచే చిన్న ట్రోలింగ్ మోటారు, 55 పౌండ్ల తోపుడు శక్తి గలది, పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి 60 ఆంపియర్ల బ్రేకరు, పది అడుగుల దూరం వరకు 6 గేజ్ తీగ, పదిహేను అడుగులకు 4 గేజ్ తీగ కావాలి. సూర్యాస్తమయం తర్వాత నీటి మీద ఉండేవారు ముందు భాగంలో ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ, వెనక నలువైపులా కనిపించే తెల్ల దీపం పెట్టుకోవాలి.

మొదటిసారి నీటిలో

రిజిస్ట్రేషన్ సంఖ్యను ముందు భాగంలో రెండు పక్కలా, కనీసం మూడు అంగుళాల ఎత్తున, రంగుకు భిన్నంగా కనిపించేలా అతికించాలి. ట్రెయిలరు బేరింగులకు కొత్త గ్రీజు పెట్టాలి. ర్యాంపు దగ్గర వెనక డ్రెయిన్ ప్లగ్గు బిగించారో లేదో చేత్తో తాకి చూడండి. ట్రెయిలరు తాళ్లు విప్పకుండానే పడవను తేలేదాకా దించి, పావుగంట ఆగి, నేల పలక ఎత్తి అడుగున టార్చి వేసి చూడాలి. చెమ్మ లేకపోతే ఒడ్డుకు దగ్గరలో నెమ్మదిగా తిప్పి, తర్వాత కొంచెం వేగం పెంచి, తిరిగి వచ్చి మళ్లీ చూడాలి. నిలకడగా ఉన్నప్పుడు కారని రివెట్ అలల దెబ్బకు కారవచ్చు.

బయటికి తీశాక ప్లగ్గు విప్పి, లోపలి నీరంతా అక్కడే వదిలేయాలి. 2009లో టెక్సోమాలో బయటపడిన జీబ్రా ఆల్చిప్పలు ఇతర సరస్సులకు పాకకుండా, 2014 నుంచి టెక్సస్ అంతటా ఇది చట్టం. మొదటి కొన్ని వేటల తర్వాత నేల పలక విప్పి, కొత్త రివెట్లను, ట్రాన్సమ్ బోల్టులను మరొకసారి బిగువు చూసుకోండి. ప్లైవుడ్, సీలెంట్ సర్దుకునే క్రమంలో బోల్టులు కొద్దిగా వదులవుతాయి. వాటిని అప్పుడే తిరిగి బిగించాలి.