మాగాణిలో మెట్ట సేద్యం: వరి కోసిన చేలో మినుము దిగుబడి నిలబెట్టుకోవడం ఎలా?

గోదావరి డెల్టాలో మెట్ట సేద్యం ఏమిటని ఎవరైనా నవ్వొచ్చు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇది కాలువ నీటి మీద బతుకుతున్న నేల. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది, అనంతపురంలో పడేది దాంట్లో సగం. అయితే మనకు పడే వానలో దాదాపు అంతా జూన్, నవంబరు మధ్యే పడిపోతుంది. సార్వా (వానాకాలపు వరి) కోసేశాక, దాళ్వాకు (రెండో పంట వరికి) నీళ్ళు అందని శివారు చేలో మినుము చల్లామంటే ఇక డిసెంబరు నుంచి మార్చి దాకా పైనుంచి చుక్క పడుతుందన్న భరోసా లేదు. నేలలో మిగిలిన తేమతోనే మొలవాలి, పూయాలి, కాయాలి. అనంతపురంలో వేరుశనగ వేసే రైతుకు ఏ టెన్షన్ ఉంటుందో, ఇక్కడ డెల్టాలో అంబాజీపేటలోనో ఆచంటలోనో అపరాలు (మినుము, పెసర లాంటి పప్పుధాన్యాలు) చల్లే రైతుకూ అదే ఉంటుంది.

దిగుబడిని ప్రభావితం చేసేవి చాలా ఉన్నాయి. నేల, తేమ, ఎండ, విత్తనం, కలుపు, తెగులు అని పుస్తకాలన్నీ వరసగా చెబుతాయి. అన్నీ సమానం కాదు. నన్నడిగితే మాగాణి మినుముకు మొదటిది విత్తిన తేదీ, రెండోది చదరపు మీటరుకు నిలిచిన మొక్కలు. ఈ రెండూ విత్తిన పదిహేను రోజుల లోపే తేలిపోతాయి. ఆ తరవాత మనం కొట్టే మందులన్నీ అప్పటికి నిలిచిన పంటను కాపాడేవే తప్ప కొత్తగా పెంచేవి కావు.

ముందు నీటి లెక్క వేసుకోండి

ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. డెల్టాలోని బరువైన నల్ల ఒండ్రు నేల మీటరు లోతుకు ఇంచుమించు 150 నుంచి 200 మిల్లీమీటర్ల తేమను మొక్కకు అందేలా పట్టి ఉంచుతుంది. మినుము వేళ్ళు ఎక్కువగా పై రెండడుగుల్లోనే ఉంటాయి కాబట్టి దానికి దక్కేది వంద మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ. జనవరి చలిలో ఆకు కమ్మిన చేను రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఖర్చు పెడుతుంది. మార్చి ఎండల్లో అదే చేను అయిదు దాటిస్తుంది.

వంద మిల్లీమీటర్లతో 75 రోజుల పంట ఎలా గట్టెక్కుతుందంటే, డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. కింది తడి మెల్లగా పైకి ఎగబాకి వేళ్ళకు అందుతుంది. ఒక్క తడి కూడా ఇవ్వకుండా ఇక్కడ అపరాలు పండటానికి అసలు కారణం ఇదే. తీరం వెంబడి ఇసుక నేలల్లో ఈ లెక్క కుదరదు. అవి పట్టి ఉంచే తేమ నల్ల నేలతో పోలిస్తే సగం కూడా ఉండదు. అక్కడ ఒక తడి ఇచ్చే వీలుంటేనే మినుముకు దిగండి.

చేను ఎంచుకునేటప్పుడు

కింది తడి పైకి వస్తుందని అన్నాం కదా, ఆ తడిలో ఉప్పు ఉంటే అదీ పైకే వస్తుంది. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అటు మొగల్తూరు వైపు సముద్రానికి దగ్గరి చేలల్లో సార్వాలో నీళ్ళు నిలిచి ఉన్నంత కాలం ఉప్పు కింద అణిగి ఉంటుంది. చేను ఆరగానే తెల్లగా పైకి తేలుతుంది. అపరాలు ఉప్పుకు ఏమాత్రం ఓర్చుకోవు. వరి కోతకు ముందే మట్టి పరీక్ష చేయించండి. రిపోర్టులో ఇ.సి. (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 2 దాటితే మినుము నలుగుతుంది, 4 దాటితే విత్తనం ఖర్చు కూడా దండగే. చుట్టుపక్కల రొయ్యల చెరువులుంటే నిరుడు తీసిన రిపోర్టును నమ్ముకోవద్దు. ఒక్క ఏడాదిలో చెరువు ఊట చేను గుణాన్నే మార్చేస్తుంది. అలాంటి చోట పిల్లిపెసరో జనుమో చల్లి చూడవచ్చు. మొలిస్తే పశువులకు మేతవుతుంది, నేలకు పచ్చిరొట్ట అవుతుంది.

రెండో సంగతి పక్క చేను. మీరు మినుము చల్లి, గట్టు అవతలి వాళ్ళు దాళ్వా ఊడిస్తే వాళ్ళ ఊట మీ చేలోకి దిగుతుంది. మినుముకు వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే రెండు రోజుల్లో ఆకు పసుపు తిరుగుతుంది. దీని మీద ఊళ్ళల్లో ఏటా గొడవలే. కాలువకు నీళ్ళు ఇస్తారో, వంతులు పెడతారో, శివారుకు రావని ముందే చెబుతారో నవంబరులోనే ఓ అంచనాకు రావచ్చు. ఒకే బోదె (పిల్ల కాలువ) కింద ఉన్న రైతులంతా అప్పుడే కూర్చుని మాట్లాడుకుంటే మేలు, అపరాలైతే అందరూ అపరాలే. అది కుదరకపోతే ఊట వచ్చే గట్టు వెంబడి జానెడు లోతున కాలువ తీసి మురుగు కాలువలోకి కలపండి.

సార్వా రకంతోనే మొదలుపెట్టండి

మినుము తేదీ నిర్ణయమయ్యేది జూన్‌లోనే. మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన స్వర్ణ అంటే ఎం.టి.యు. 7029 ఇక్కడి రైతుకు ప్రాణం. కానీ దాని కాలం 145 నుంచి 150 రోజులు. కాలువలకు నీళ్ళు ఆలస్యమై నారు జూలైలో పోశారంటే కోత డిసెంబరులోకి జారుతుంది, మినుము ఇంకా వెనక్కి పోతుంది. అపరాలు వేద్దామనుకున్న చేలో 120, 125 రోజుల రకం వేసుకుంటే రెండు మూడు వారాలు కలిసి వస్తాయి. దీనికీ ఓ చిక్కుంది. ముందుగా పండిన వరి అక్టోబరు చివరి వానలకు దొరికిపోవచ్చు. పొలమంతా ఒకే రకం పెట్టకుండా, మురుగు బాగా తీసే మెరక చేలల్లో తక్కువ కాలం రకం వేసి వాటినే మినుముకు ఉంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

తేదీకి గుర్తు పెట్టుకోవడానికి తేలికైన లెక్క ఒకటుంది. సంక్రాంతి నాటికి చేను పూతలో ఉండాలి. మినుము సుమారు 35, 40 రోజులకు పూతకొస్తుంది. అంటే నవంబరు మూడో వారం నుంచి డిసెంబరు మొదటి వారం లోపు గింజ నేల మీద పడాలి. డిసెంబరు 15 దాకా ఫరవాలేదు. నెలాఖరుకు చల్లితే పూత ఫిబ్రవరిలో వస్తుంది, గింజ నిండే సమయానికి ఎండ ముదురుతుంది, కింద తేమ అడుగంటుతుంది. పూత రాలడం, కాయలో రెండు మూడు గింజలే నిలవడం, గింజ సన్నబడటం, ఈ మూడింటికీ మూలం అదే. అలా ఆలస్యమైనప్పుడు మినుము కంటే పది రోజులు ముందు కోతకొచ్చే పెసర మంచిది. లాం పెసర 460 లాంటివి 65, 70 రోజుల్లో అయిపోతాయి.

విత్తనం

మాగాణికి ఎల్.బి.జి. 752 బాగా అలవాటైన రకం. పల్లాకు తెగులు (ఆకు పసుపు మచ్చలు తిరిగే జబ్బు) బెడద ఉన్న చోట ఎల్.బి.జి. 787, టి.బి.జి. 104 లాంటి తట్టుకునే రకాలు తీసుకోండి. పక్క ఊరి నుంచి తెచ్చిన విత్తనమైతే తప్పకుండా జల్లెడ పట్టండి. మొక్కలను అల్లుకుని వాటి రసం పీల్చి బతికే బంగారు తీగ అనే కలుపు గింజలు మినుము కంటే బాగా చిన్నవి కాబట్టి కిందికి దిగిపోతాయి. ఆ తీగ గింజ ఒకసారి చేలో పడితే ఏళ్ళ తరబడి బతికి ఉంటుంది.

ఎకరానికి 16 నుంచి 18 కిలోల విత్తనం కావాలి. ఇది ఎక్కువనిపిస్తుంది. వంద గింజలు నాలుగున్నర గ్రాములు అనుకుంటే 16 కిలోలు చల్లినప్పుడు చదరపు మీటరుకు 88 గింజలు పడతాయి. మనకు కావలసింది 30 నుంచి 35 మొక్కలు. మిగతావి కోసి పరిచిన వరి పనల కింద, కోత మిషన్ చక్రాల కింద, పిట్టల నోట్లో పోతాయి. దున్నని నేల మీద వెదజల్లే పద్ధతికి ఇంత తరుగు తప్పదు.

విత్తనశుద్ధి ఖర్చు ఎకరానికి పెద్దగా ఉండదు, దాన్ని మానొద్దు. కిలో విత్తనానికి ముందు 2.5 గ్రాముల థైరమ్ గానీ క్యాప్టాన్ గానీ పట్టించి, తరవాత 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. కలిపి నీడన ఆరబెట్టండి. చల్లే ముందు ఎకరం విత్తనానికి 200 గ్రాముల రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా) కల్చర్ పట్టించండి. నెలల తరబడి నీళ్ళు నిలిచిన వరి నేలలో ఈ బాక్టీరియా తగ్గిపోయి ఉంటుంది, అందుకే ఇక్కడ కల్చర్ అవసరం ఎక్కువ.

చల్లడం

వరి కోతకు పది పదిహేను రోజుల ముందు చేలో నీళ్ళు తీసేయండి. విత్తే రోజు చేలో దిగి నడవండి. పాదం అచ్చు పడాలి, ఆ అచ్చులోకి నీళ్ళు ఊరకూడదు. ఊరితే గింజ కుళ్ళిపోతుంది, అచ్చే పడకపోతే తేమ చాలదు. పదును ఇలా ఉన్నప్పుడు మనుషులతో కోయించే చేలో కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచిన వరిలోనే చల్లేస్తాం. పనలు ఎత్తేసరికి మొలక కనిపిస్తుంది. పనలు చేలో ఎక్కువ రోజులు ఉంటే వాటి కింది మొలక పాలిపోతుంది, అందుకని వీలైనంత త్వరగా కుప్ప వేయండి.

ఇప్పుడు చాలా చోట్ల కోత మిషన్లే. పాత పద్ధతిలో ముందే చల్లితే చక్రాల దారిలో గింజ లోపలికి తొక్కుకుపోతుంది, మిషన్ వెనక పడిన గడ్డి వరస కింద మొలక ఊపిరాడక చస్తుంది. మిషన్ వచ్చే రోజు పొద్దున్నే చల్లి, అది వెళ్ళిన వెంటనే గడ్డిని పలచగా పరిచేయడం ఒక దారి. నేల ట్రాక్టరును మోసేంత గట్టిపడితే కోత అయిన వెంటనే సీడ్ డ్రిల్‌తో వరసల్లో విత్తడం ఇంకా మంచిది, గింజ తేమలోకి దిగుతుంది. ఇందులో రెండు రోజులు ఆలస్యం చేసినా పై పొర ఆరిపోతుంది. గడ్డిని తగలబెట్టకండి. పలచగా పరిచిన గడ్డి నేల తేమను ఆవిరి కాకుండా ఆపుతుంది.

వాన మాటా చెప్పాలి. మెట్ట ప్రాంతంలో వాన రాలేదని దిగులు, మనకు డిసెంబరులో వస్తుందేమోనని దిగులు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. కాబట్టి కోత కాగానే చేనుకు అడ్డంగా ఒకటి రెండు చాళ్ళు తీసి, మురుగు బయటికి పోయే తూము మూసుకుపోకుండా చూసుకోండి.

పదిహేనో రోజున మొక్కలు లెక్కపెట్టండి

ఈ పని చేసేవాళ్ళు తక్కువ. నాలుగు కర్రలతో మీటరు చదరం ఒకటి కట్టి, చేలో పది చోట్ల పరిచి లెక్కపెట్టండి. సగటు 25కు పైన ఉంటే నిశ్చింతగా ఉండండి. 15కు లోపుంటే, డిసెంబరు సగం దాటకుండా ఇంకా పదును ఉంటే ఖాళీలు పడిన చోట నానబెట్టిన గింజ గుచ్చండి. అప్పటికే ఆలస్యమైతే వదిలేసి ఖర్చు తగ్గించుకోండి. పలచని చేలో అన్ని స్ప్రేలూ చేయడం కంటే పెద్ద నష్టం లేదు.

కలుపు, ఎరువు

మాగాణిలో మొదటి దొంగ వరి దుబ్బే. మోళ్ళ నుంచి మళ్ళీ పిలక చిగురించి, మినుముకు దక్కాల్సిన తేమను తాగేస్తుంది. ఊద లాంటి గడ్డి జాతులు దానికి తోడు. 20 రోజుల దశలో ఎకరానికి 250 మి.లీ. ఫెనాక్సాప్రాప్ ఇథైల్ కొడితే ఈ రెండూ అణుగుతాయి. వెడల్పాకు కలుపు, బంగారు తీగ మొదలవుతున్న చోట ఇమాజితాపిర్ 10 శాతం మందు ఎకరానికి 200 మి.లీ. వాడండి. నేలలో తడి ఉన్నప్పుడే ఇవి పని చేస్తాయి. తీగ అప్పటికే మొక్కలను అల్లుకుపోయి ఉంటే పూత రాకముందే ఆ మొక్కలతో సహా పీకి తగలబెట్టాలి. వరి మీద, మొక్కజొన్న మీద అది బతకదు, అందుకే ఆ చేలో మరుసటి ఏడు అపరాలు వేయకండి.

ఎరువు గురించి చెప్పాల్సింది కొంచెమే. దున్నని నేల మీద బస్తా యూరియా చల్లితే మినుముకు అందేది తక్కువ, కలుపుకు దక్కేది ఎక్కువ. సార్వాలో వేసిన భాస్వరం మిగులు మినుముకు పనికొస్తుంది. తేమ తగ్గి పైరు వాడుతున్నప్పుడు పూత దశలో ఒకసారి, వారం పది రోజులకు మరోసారి లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గానీ 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) గానీ ఆకుల మీద పిచికారీ చేస్తే పూత నిలుస్తుంది. తడి ఇవ్వగలిగితే పూతకు ముందు ఒక్కటి, అదీ పలచగా. బరువైన నేలలో చేను నిండా నీళ్ళు పెడితే ఎండు తెగులును పిలిచినట్టే.

పురుగు, తెగులు

పూత దశలో పొద్దున్నే పది మొక్కలు వంచి చూడండి. పూలు, ఆకులు గూడులా కలిసి ఉంటే మారుకా మచ్చల పురుగు చేరినట్టు. లేత ఆకు పసుపు మచ్చలతో వస్తే పల్లాకు తెగులు. ఆ మొక్కలు పీకేసి, దాన్ని మోసే తెల్లదోమకు లీటరుకు 5 మి.లీ. వేపనూనె నుంచి మొదలుపెట్టండి. జనవరి మంచు, చలి కలిసినప్పుడు ఆకు మీద పిండి చల్లినట్టు కనిపించేది బూడిద తెగులు, దానికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం. ఏ మందైనా డబ్బా మీద మినుముకు రాసి ఉందో లేదో చూసుకుని, మీ రైతు సేవా కేంద్రంలో ఒకసారి అడిగి కొట్టండి. షాపులో కలిపి ఇచ్చే మూడు నాలుగు మందుల మిశ్రమాలకు దూరంగా ఉండండి.

కోత

నూటికి ఎనభై కాయలు నల్లబడగానే, మంచు తడి ఆరకముందే పొద్దున కోయండి. ఎండెక్కాక కోస్తే కాయ పగిలి గింజ చేలోనే రాలుతుంది. ఎకరాకు 6, 7 క్వింటాళ్ళు వస్తే మంచి పంట కింద లెక్క. విత్తనానికి ఉంచుకునేది తెగులు లేని మొక్కల నుంచి వేరుగా నూర్చి, పంటి కింద టక్కున పగిలేంత ఎండబెట్టి, పుచ్చు పట్టకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి, మూత మీద రకం పేరు, కోసిన నెల రాసి ఉంచండి.