సంక్రాంతికి ఊరెళ్లే ముందు: స్టీరింగ్ వణుకుతుంటే ఇవి చూసుకోండి

హైదరాబాద్–విజయవాడ హైవే మీద 80 దాటగానే కారు స్టీరింగ్ వణుకుతోందా? పండగ రద్దీ మొదలవకముందే ఇవి చూడండి.

– వీల్ నట్లు. అన్నిటికంటే ముందు ఇదే. ఈమధ్య టైరు మార్చినా, పంక్చర్ వేయించినా నట్టు వదులై ఉండొచ్చు. చక్రమే ఊడిపోయే ప్రమాదం. స్పానర్ పెట్టి మీరే చూడండి. బిగించాక 80–100 కి.మీ. తిరిగి మళ్లీ ఒకసారి చూడండి.

– టైరు పక్కన బుడిపె. లోపలి దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది. బ్యాలెన్సింగ్‌తో (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా సరిచేయడం) పోదు, వేగంలో పేలిపోవచ్చు. చాలామంది బయటివైపే చూస్తారు, దయచేసి లోపలివైపు కూడా చేత్తో తడమండి. బుడిపె ఉంటే ఆ టైరుతో ప్రయాణం వద్దు.

– వణుకు ఎప్పుడొస్తోంది? 80–110 మధ్య వచ్చి ఆపైన తగ్గితే ఎక్కువగా బ్యాలెన్సింగే. బ్రేకు తొక్కితేనే వస్తే బ్రేకు డిస్కులు. యాక్సిలరేటర్ నొక్కితేనే వస్తే డ్రైవ్ షాఫ్ట్‌ని (ఇంజిన్ శక్తిని చక్రాలకి అందించే రాడ్) అనుమానించాలి. ఈ సంగతి మెకానిక్‌కి చెబితే అక్కర్లేని పార్టులు మార్చడం తప్పుతుంది.

– స్టీరింగ్ బాగానే ఉండి సీటు అదురుతుంటే వెనక చక్రాలు.

– రిమ్ము లోపల ఎండిన బురద. కొంచెం బురదకే బ్యాలెన్స్ తప్పుతుంది, ముందు కడిగించండి.

– అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) ఒక్కటే చేయించి ఊరుకోకండి. బండి పక్కకి లాగితే అది పనిచేస్తుంది. ఈ వణుకు మాత్రం సాధారణంగా దానితో పోదు.

– పాత బండైతే చక్రాలని స్టీరింగ్‌కి, సస్పెన్షన్‌కి కలిపే టై రాడ్, బాల్ జాయింట్ల లూజు. జాకీ ఎత్తి చక్రం ఊపించి చూడాలి.